మీ గల్లీలోని పాత బిల్డింగ్ నలుగురికీ పట్టేలా చేయడం ఎలా

హైదరాబాద్‌లో ఎవరినైనా ఆపి అడగండి, చార్మినార్ మనదే అంటారు. అదే మనిషిని, రోజూ తను బండి ఆనించే గోడ ఏ కాలంనాటిదో అడిగి చూడండి. అప్పుడే మొదటిసారి తలెత్తి పైకి చూస్తాడు. అక్కడో కమాన్ (ఆర్చి) ఉందని, దానికి పూల చెక్కడం ఉందని ఆ క్షణంలోనే తెలుస్తుంది. ఇలాంటివి చూసి మనం "జనాలకి చరిత్ర అంటే లెక్కలేదు" అని తిట్టుకుంటాం. నేనూ తిట్టుకున్నాను. కొన్నేళ్ళు మా వైపు గల్లీల్లో తిరిగాక తెలిసిందేంటంటే, అది లెక్కలేకపోవడం కాదు, వాన కారుతోంది, అంతే. మిద్దె కింద బకెట్ పెట్టుకుని పడుకునే మనిషి దగ్గరికి పోయి వారసత్వ సంపద అని మొదలుపెడితే, టీ కూడా ఇవ్వకుండా పంపిస్తాడు.

అందుకే ఇందులో ఉపన్యాసం ఎలా ఇవ్వాలో ఉండదు. ఒక్క పాత కట్టడం పట్టుకుని, దాని చుట్టూ బతికే నలభై యాభై మంది నోటితోనే "దీన్ని ఉండనీయండి" అనిపించడం ఎలాగో చెప్తాను. నాకు తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే. రాజమండ్రి, మచిలీపట్నం, వరంగల్ వాళ్ళు మీ వీధి పేరు పెట్టుకుని చదువుకోండి. చట్టాల సంగతి దగ్గర మాత్రం మీ రాష్ట్రంలో ఏముందో విడిగా చూసుకోండి.

1. ఒక్కటే ఎంచుకోండి, అదీ ఎవరూ పట్టించుకోనిది

చార్మినార్, గోల్కొండ వదిలేయండి, వాటిని చూసుకోవడానికి ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ ఉంది. మీరు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నది చూడండి. సగం కూలిన దేవిడీ (నవాబుల కాలంనాటి పెద్ద లోగిలి), పాత బడి, రెండు షాపుల మధ్య ఇరుక్కుపోయిన కమాన్, ఏదైనా పర్లేదు. "ఇదేం కట్టడం, ఇందులో ఏముంది" అనిపించినా పర్లేదు. బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా ఒకప్పుడు చెత్త కింద కనపడకుండా పోయిందే. అందులోని చెత్తంతా తోడి, బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు, ఇప్పుడు జనం టికెట్ లేని పిక్నిక్‌లా పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తున్నారు.

ఒక వారం తిరిగి రెండు మూడు చూసి, అందులో జనం ఇంకా వాడుతున్నది ఎంచుకోండి. తాళం వేసి ఉన్నదానికంటే కింద జిరాక్స్ షాపు, పైన రెండు కుటుంబాలు ఉన్న బిల్డింగ్ నయం. అడగడానికి మనుషులైనా ఉంటారు.

2. మొదటి మూడుసార్లు ఫోన్ జేబులోంచి తీయకండి

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మా దగ్గరి ఒక దేవిడీకి మొదటి రోజే కెమెరా, టేపు, నోట్‌బుక్ పట్టుకుని పోయాను. గోడ కొలుస్తుంటే పైనుంచి ఒక పెద్దావిడ చూసింది. పది నిమిషాల్లో గల్లీ అంతా "మున్సిపాలిటోళ్ళు వచ్చిన్రు, రోడ్డు వెడల్పంట" అని పాకిపోయింది. ఇంటాయన గేటుకి గొళ్ళెం పెట్టేశాడు. మళ్ళీ తీయించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, అదీ ఆయన బావమరిది నాకు తెలిసిన వాళ్ళకి తెలిసినవాడు కాబట్టి.

కాబట్టి ఉత్త చేతులతో వెళ్ళండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, వాన పడుతున్నప్పుడు ఒకసారి. ఎదురుగా ఉన్న హోటల్‌లో కూర్చుని చాయ్ తాగండి. ఎవరు వస్తున్నారు, ఎవరు ఆ అరుగు మీద కూర్చుంటున్నారు, నీడ ఎటు పడుతోంది, అన్నీ గమనించండి. మూడోసారికి హోటలాయనే అడుగుతాడు: "ఏం సార్, గా బిల్డింగు కొంటున్నరా?" అక్కడ మొదలవుతుంది మీ పని.

3. చరిత్ర గురించి అడగొద్దు

"ఈ భవనం ప్రాముఖ్యం మీకు తెలుసా" అని అడిగితే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. తెలిసినవాళ్ళు కూడా తెలియదనేసి తప్పించుకుంటారు. వీటిని అడగండి: ఎండాకాలం ఏ గది చల్లగా ఉంటుంది? వానకి ఎక్కడ కారుతుంది? ఇక్కడ ఎవరి పెళ్ళయినా జరిగిందా? కర్ఫ్యూ రోజుల్లో ఇక్కడే ఉన్నారా? చివరగా, చాలా ముఖ్యంగా, "దీన్ని తీసేసి ఏం కడితే మీకు బాగుంటుంది?" అని అడగండి. జవాబు మీకు మింగుడు పడదు. పార్కింగ్ అంటారు, ఫంక్షన్ హాల్ అంటారు. వాదించకండి, రాసుకోండి. ఆ జవాబులోనే వాళ్ళకి ఇప్పుడు ఏం లోటు ఉందో తెలిసిపోతుంది.

ఒకే బిల్డింగ్ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా కనపడుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి. కింద షాపువాడికి అది పాత కిరాయి, కూలిస్తే పోతుంది, కాబట్టి వాడు మీ పక్షమే, కాకపోతే బోర్డు మేకులు దిగ్గొట్టేది కూడా వాడే. వారసులకి అది పదకొండు వాటాల పంచాయితీ. పక్కింటివాళ్ళకి ఎప్పుడు మీద పడుతుందోనన్న టెన్షన్. ఇక హెరిటేజ్ అనే మాట వినగానే ఓనర్లందరికీ ఒకటే భయం, "లిస్టులో పడితే మేకు కూడా కొట్టనియ్యరు" అని. ఈ భయం ఊరికే పుట్టలేదు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. చార్మినార్ పక్కన ఇల్లున్నవాడు ఆ కట్టడాన్ని ఎందుకు చిరాగ్గా చూస్తాడో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. మీ బిల్డింగ్ దేనికింద వస్తుందో, అసలు దేనికిందైనా వస్తుందో రాదో తెలుసుకుని వెళ్తే ఆయన భయం సగం తగ్గించవచ్చు. ఆ నియమం కింద కూడా ఉన్న ఇంటికి మరమ్మతులు అనుమతి తీసుకుని చేసుకోవచ్చని చాలామందికి తెలియదు.

4. కథలు రాసుకోండి, కానీ తేదీ రాతి మీద చూడండి

ఏ పాత బిల్డింగ్ దగ్గరికి వెళ్ళినా రెండు మాటలు తప్పకుండా వింటారు. ఒకటి, కింద సొరంగం ఉంది, గోల్కొండ దాకా పోతుంది. నేను విన్నవన్నీ కలిపితే హైదరాబాద్ కింద మెట్రో ఎప్పుడో అయిపోయి ఉండాలి. రెండోది, "నిజాం కాలంది సార్." అసఫ్ జాహీలు 1724 నుంచి 1948 దాకా ఉన్నారు, కాబట్టి నిజాం కాలం అంటే ఏమీ చెప్పనట్టే. 1870ల ఎర్రమంజిల్ ప్యాలెస్ ఆ కాలానిదే, 1935 మొజంజాహీ మార్కెట్టూ ఆ కాలానిదే.

తలుపు మీద, కమాన్ నడి నెత్తిన, మెట్ల పక్కన గోడలో ఒక రాయి ఉందేమో వెతకండి. అంకెలు ఉర్దూలో ఉండొచ్చు. మన సున్నాలా గుండ్రంగా కనపడేది అయిదు, ఊరికే చుక్కలా ఉండేది సున్నా, ఈ రెండూ తారుమారు చేసుకోకుంటే మిగతావి ఎవరైనా ఉర్దూ తెలిసినవాళ్ళు నిమిషంలో చదివిపెడతారు. అసలు తిరకాసు ఆ తర్వాత. ఆ సంవత్సరం హిజ్రీనా (ఇస్లామిక్ క్యాలెండర్), ఫస్లీనా (పంట, శిస్తు లెక్కల క్యాలెండర్)? నిజాం సర్కారు లెక్కలు ఫస్లీలో నడిచేవి, దానికి 590 కలిపితే దాదాపు మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హిజ్రీ చాంద్రమానం, అలా కలపడానికి కుదరదు, పట్టిక చూడాల్సిందే. ఉదాహరణకి రాయి మీద 1326 ఉందనుకోండి. హిజ్రీ అయితే అది 1908, మూసీ వరద వచ్చిన సంవత్సరం. ఫస్లీ అయితే 1916, అంటే వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వేయిస్తున్న కాలం. ఎనిమిదేళ్ళ తేడాలో మీ బిల్డింగ్ కథే మారిపోతుంది. నేను ఒకసారి ఇది చూసుకోకుండా "వరదని తట్టుకుని నిలబడ్డ ఇల్లు" అని పదిమంది ముందు చెప్పేశాను, ఒక రిటైర్డ్ మాస్టారు పక్కకి తీసుకెళ్ళి మెల్లిగా సరిదిద్దారు. పక్కకి తీసుకెళ్ళారు కాబట్టి సరిపోయింది.

రాయి లేకపోతే మ్యాపు. 1912-15 ప్రాంతంలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ని ఇల్లిల్లూ గీసిన మున్సిపల్ సర్వే ఉంది, మీ బిల్డింగ్ గీత అందులో ఉంటే అప్పటికే ఉన్నట్టు. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, తార్నాకలోని ఆర్కైవ్స్ కూడా ఒకరోజు పెట్టుకుని వెళ్ళాల్సిన చోట్లు. దొరకకపోతే "తెలియదు" అని రాయండి, ఊహించి రాయకండి. సొరంగం కథ కూడా పారేయకండి. అది చరిత్ర కాకపోయినా గల్లీ పిల్లలకి ఆ బిల్డింగ్ మీద ఉన్న ప్రేమ, "ఇలా చెప్పుకుంటారు" అని విడిగా ఉంచండి.

5. మిద్దె ఎక్కండి

ఈ గైడ్‌లో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి.

నా ముఖాన గేటు వేసిన ఆ ఇంటాయన, సలీం అని పిలుద్దాం, అసలు పేరు అది కాదు, ఆయన నన్ను రెండోసారి లోపలికి రానిచ్చింది చరిత్ర కోసం కాదు. జూలై వానకి పైగదిలో కారుతోంది, "మీరు బిల్డింగుల మనిషి కదా, చూసి చెప్పండి" అని. నేను బిల్డింగుల మనిషిని కాను. అయినా మిద్దె ఎక్కాం. పిట్టగోడ మూలకి మిద్దె వాలు ఉంది, కట్టినవాడు చాలా శ్రద్ధగా పెట్టిన వాలు, చివర రాతి తూము. తూములో చెయ్యి పెడితే ముందు పాల ప్యాకెట్, తర్వాత చిరిగిన గాలిపటం, దాని వెనక ఉండలు చుట్టుకుపోయిన మాంజా, గుట్కా కవర్లు, మూడు సంక్రాంతుల సరుకు. అది లాగేసరికి కాలి పిక్కల దాకా నిలిచిన నీళ్ళు గడగడా కిందికి పోయాయి. పైగదిలో కారడం ఆ సీజన్‌కి చాలావరకు తగ్గిపోయింది. ఖర్చు సున్నా. ఆయన కిందికి దిగి, తనంతట తానే, తాతగారి కాలంలో ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం) జరిగిన గది తాళం తీసి చూపించారు.

మిద్దె మీద ఇంకో రెండు చూడాలి. పిట్టగోడ పగుళ్ళలో రావి మొక్క ఉందేమో. వేలంత ఉన్నప్పుడే తీయించాలి, చేతిలావు అయ్యాక లాగితే గోడ దానితో పాటు వస్తుంది. అలాంటప్పుడు మొదలు కోసి, వేరుని చంపే పని తెలిసినవాళ్ళకి ఇవ్వాలి. రెండోది సిమెంటు. పాత గోడలకి వాడింది గచ్చు, అంటే డంగు సున్నం. బెల్లం నీళ్ళు, కరక్కాయ లాంటివి కలిపి గానుగ పట్టిన సున్నం తేమని పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది, రెండు మూడేళ్ళకి సిమెంటు పెచ్చు పాత గచ్చుని కూడా పట్టుకుని ఊడిపడుతుంది. వేలి కణుపులతో గోడ మీద తట్టి చూడండి. గట్టిగా "టక్" మంటే బాగున్నట్టు, డప్పులా బోలుగా మోగితే లోపల విడిపోయినట్టు. ఇది ఇంటివాళ్ళ చేత తట్టించండి. తన గోడ చప్పుడు తనే విన్నాక, మేస్త్రీ "సిమెంట్ కొడదాం సార్, ఫినిష్" అన్నప్పుడు ఆగి ఆలోచిస్తాడు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే, ఖరీదు కూడా. అబద్ధం చెప్పి ఒప్పించొద్దు.

మీకు తెలిసినంతవరకే చెప్పండి. దూలం వంగినా, గోడలో పగులు నెలనెలా పెరుగుతున్నా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవాల్సిందే. మనుషులు ఉన్న చోట మన సరదా కుదరదు.

6. ఒక పేజీ రాయండి, హోటల్‌లో అంటించండి

ఒకే ఒక్క పేజీ. పెద్ద అక్షరాలు. ఒక వైపు తెలుగు, ఇంకో వైపు ఉర్దూ, లేదా మీ గల్లీలో ఏ భాషలుంటే అవి. ఎవరు కట్టారు, ఎప్పుడు, ఎన్ని రకాలుగా వాడారు, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు. ఈ చివరిది మానకండి. "ఇదే మెట్ల కింద ముప్పై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న దుకాణం ఉంది" అని రాస్తే ఆ కాగితానికి కాపలా దుకాణాయనే ఉంటాడు. నవాబు పేర్లు మాత్రమే రాస్తే పది రోజుల్లో దాని మీద ట్యూషన్ పాంప్లెట్ పడుతుంది. ఓనర్ ఒప్పుకున్నాకే అంటించండి, ఇంటి లోపలి ఫొటోలు అసలు పెట్టకండి.

7. వాక్ పెట్టండి, చిన్నదిగా

వాక్ అంటే జనాన్ని నడిపిస్తూ ఆ బిల్డింగ్‌ని, గల్లీని చూపించడం. పదిహేను మంది చాలు. ఆదివారం పొద్దున ఏడింటికి, గంట, అర కిలోమీటరు దాటకుండా. నేను మొదటిసారి వాట్సాప్‌లో పెడితే నలభై మంది వచ్చారు, గల్లీ జామ్, పాలబండి ఆగిపోయింది, సెల్ఫీలు, పిండిమర ఆయన తిట్లు. ఆయన తిట్టింది న్యాయమే.

మీరు తక్కువ మాట్లాడండి. గడియారాల ఆయన చేత రెండు నిమిషాలు, మేడమీది అమ్మ చేత ఒక నిమిషం మాట్లాడించండి. బయటి నుంచి వచ్చినవాళ్ళతో సగం, గల్లీవాళ్ళతో సగం నింపండి. మన హెరిటేజ్ వాక్‌లలో పెద్ద లోపం ఇదే. జూబ్లీహిల్స్ నుంచి వచ్చి పాతబస్తీ చూసి పోతారు, పాతబస్తీవాళ్ళు వాళ్ళని చూస్తారు. అయిపోయాక టిఫిన్ ఆ గల్లీ హోటల్‌లోనే చేయండి. ఏప్రిల్ 18 వరల్డ్ హెరిటేజ్ డే, నవంబర్ 19 నుంచి 25 దాకా వరల్డ్ హెరిటేజ్ వీక్, ఆ రోజుల్లో పెడితే పేపరువాళ్ళు వచ్చే అవకాశం ఎక్కువ. పాత కట్టడాల పరిరక్షణకి పనిచేసే ఇన్‌టాక్ సంస్థ హైదరాబాద్ చాప్టర్‌కి కూడా ముందే కబురు పెట్టండి.

జనం మనసు మారడానికి మాటలకంటే కూర్చునే చోటు ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. మొజంజాహీ మార్కెట్టే చూడండి. ఏళ్ళ తరబడి పోస్టర్లు, వైర్లు, అడ్డదిడ్డం బోర్డులు, ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళేవాళ్ళం గానీ గడియారం స్తంభాన్ని ఎవరూ చూసింది లేదు. రాయి శుభ్రం చేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచాక సాయంత్రం కుటుంబాలతో వచ్చి కూర్చుంటున్నారు. మీ బిల్డింగ్‌కి అంత డబ్బు రాదు. అరుగు కడిగించండి, దాని ముందు ఉన్న చెత్తకుండీ నాలుగు గజాలు అవతలికి జరిపించండి, అదే చాలా తేడా తెస్తుంది.

8. కూల్చేస్తారని తెలిస్తే

ముందు కాగితం. ఆ స్థలానికి ఏ అనుమతి ఇచ్చారు, ఏ తేదీన, కట్టడం హెరిటేజ్ జాబితాలో ఉందా అని ఆర్టీఐ పెట్టండి. పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. హైదరాబాద్‌లో 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో 13వ రెగ్యులేషన్ కింద హెరిటేజ్ కట్టడాల జాబితా ఉండేది, ఆ రెగ్యులేషన్‌ని 2015లో ప్రభుత్వం తీసేసింది, 2017లో రాష్ట్ర హెరిటేజ్ చట్టం వచ్చింది. జాబితాలో ఉంది కాబట్టి భద్రం అని, లేదు కాబట్టి దిక్కులేదని, రెండూ అనుకోకండి. ఎర్రమంజిల్‌ని తీసేసి కొత్త అసెంబ్లీ కడతామని 2019లో కేబినెట్ నిర్ణయిస్తే, జనం కోర్టుకి వెళ్ళారు, సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇంకా నిలబడే ఉంది.

ఆర్టీఐ జవాబు వచ్చేలోపు కూల్చేయవచ్చు, కాబట్టి ఆ 30 రోజులూ ఊరుకోకుండా మున్సిపల్ కమిషనర్‌కి, కలెక్టర్‌కి సంతకాలతో ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోండి. ఇక్కడే మీ మూడో మెట్టు పనికొస్తుంది. ఎక్కడివాళ్ళో ఆన్‌లైన్‌లో చేసిన రెండు వేల సంతకాలకంటే ఆ గల్లీ అడ్రస్‌తో ఉన్న అరవై సంతకాలకి బరువెక్కువ.

ఇంకో జాగ్రత్త. అవతలివాళ్ళ అవసరం నిజమైనదైతే దాన్ని కాదనకండి. ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ ప్లాన్ గీసిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూల్చాలా, ఉంచాలా అని ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు, మంచం కింద నీళ్ళున్న రోగి ముందు గుమ్మటాల అందం గురించి మాట్లాడితే అది అన్యాయంగానే వినపడింది. కొత్త ఆసుపత్రి కావాలి అనేది ఒక మాట, పాతది కూల్చాలి అనేది వేరే మాట, వాటిని విడదీసి చెప్పడం నేర్చుకోవాలి. చివరికి 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. మీ గల్లీలో కూడా పార్కింగ్ అడిగినవాళ్ళకి వేరే చోటు చూపించగలిగితే సగం గొడవ ఉండదు. ఓనర్‌కి డబ్బే సమస్య అయితే టీడీఆర్ (ఇక్కడ కట్టుకోలేని హక్కుని వేరేచోట వాడుకోవడమో అమ్ముకోవడమో) లాంటి వెసులుబాటు తన ఆస్తికి వర్తిస్తుందేమో టౌన్ ప్లానింగ్‌లో కనుక్కోమనండి.

9. మధ్యలో వదిలేయకండి

ఇది ఒక్క ఆదివారంతో అయ్యేది కాదు. వాక్ అయిన నెలకి ఎవరికీ గుర్తుండదు, మీరూ వేరే పనిలో పడతారు. క్యాలెండర్‌లో రెండు రోజులు గుర్తుపెట్టుకోండి, సంక్రాంతి అయిన మరుసటి ఆదివారం, మృగశిర కార్తెకి ముందు ఆదివారం. ఆ రెండు రోజులూ ఓనర్‌ని అడిగి మిద్దె ఎక్కండి, తూము చూడండి. గోతం సంచి ఒకటి, చేతికి మందపాటి గ్లోవ్స్ తీసుకెళ్ళండి, మాంజా ఎంత పాతదైనా కోసేస్తుంది.